మైనింగ్ మెషిన్ కొంటున్నారా? టెరాహ్యాష్ సంగతి తర్వాత, ముందు కరెంటు రేటు, రిపేరు సెంటరు చూడండి

"అన్నా, ఎస్21 కొనమంటావా, ఎం60ఎస్ కొనమంటావా?" ఎస్21, ఎం60ఎస్ రెండూ బిట్‌కాయిన్ మైనింగ్ మెషిన్లు: బిట్‌కాయిన్ లావాదేవీలను ఖరారు చేసే లెక్కలు చేస్తూ, బదులుగా కొత్త బిట్‌కాయిన్లు సంపాదించే కంప్యూటర్లు. బిట్‌కాయిన్ ధర పెరిగినప్పుడల్లా ఇలాంటి మెసేజ్‌లు మొదలవుతాయి. నేను తిరిగి అడిగేవి రెండే. మీకు కరెంటు యూనిట్ ఎంతకి పడుతుంది? మెషిన్ చెడిపోతే రిపేరుకి ఎక్కడికి పంపుతారు? ఈ రెండింటికీ జవాబు ఉంటే కంపెనీని ఎంచుకోవడం అరగంట పని. లేకపోతే ఏ కంపెనీది కొన్నా చివరికి చేరేది ఒక్క చోటికే.

అందుకే ఇక్కడ మోడళ్ల పోలిక కంటే ముందు లెక్క వస్తుంది. ఇండియాలో ఉండి కొనాలనుకునేవాళ్లకీ, టెక్సస్‌లోనో కెనడాలోనో ఉండి కొనాలనుకునేవాళ్లకీ లెక్క ఒకటే, జవాబు మాత్రం వేరు.

యూనిట్ కరెంటుకి మెషిన్ ఎంత తెస్తుంది?

2024 ఏప్రిల్‌లో జరిగిన హాల్వింగ్ (రివార్డు సగానికి తగ్గడం) తర్వాత ఒక్కో బ్లాక్‌కి, అంటే లావాదేవీల ఒక్కో కట్టకి, వచ్చే రివార్డు 3.125 బిట్‌కాయిన్లు. రోజుకి సుమారు 144 బ్లాకులు. అంటే ప్రపంచంలో ఉన్న మైనర్లందరూ కలిసి రోజుకి పంచుకునేది 450 బిట్‌కాయిన్లు, పైన కొద్దిగా ఫీజులు. 2025 ద్వితీయార్ధంలో నెట్‌వర్క్ మొత్తం హ్యాష్‌రేట్, అంటే లెక్కలు చేసే వేగం, 1000 ఎక్సాహ్యాష్ దాటింది. అంటే 100 కోట్ల టెరాహ్యాష్ (ఒక టెరాహ్యాష్ అంటే సెకనుకి లక్ష కోట్ల లెక్కలు). అందులో బిట్‌మెయిన్ వారి 200 టెరాహ్యాష్‌ల యాంట్‌మైనర్ ఎస్21 వాటా 50 లక్షల్లో ఒక వంతు. 450ని 50 లక్షలతో భాగిస్తే రోజుకి 0.00009 బిట్‌కాయిన్ వస్తుంది. అంటే 9 వేల సతోషీలు (బిట్‌కాయిన్‌లో పది కోట్ల వంతు ఒక సతోషీ). పూల్ (మైనర్లు కలిసి తవ్వి ఆదాయం పంచుకునే సేవ) కమీషన్ ఇందులోంచే పోతుంది.

ఇదే ఎస్21 లాగే కరెంటు 3500 వాట్లు. రోజుకి 84 యూనిట్లు. బిట్‌కాయిన్ లక్ష డాలర్లు అనుకుంటే రోజు ఆదాయం 9 డాలర్లు. దాన్ని 84తో భాగిస్తే యూనిట్‌కి సుమారు 10.7 సెంట్లు. నేను మెషిన్లను పోల్చేది ఈ ఒక్క అంకెతోనే. ఎందుకంటే టెరాహ్యాష్ ఎంత ఉందన్నది అమ్మేవాడి లెక్క, యూనిట్‌కి ఎంత తెస్తుందన్నది మీ లెక్క.

ఇదే ధర, ఇదే నెట్‌వర్క్ పెట్టుకుని మిగతా మోడళ్లు చూడండి. ఎస్21 ఎక్స్‌పీ, 270 టెరాహ్యాష్, 3645 వాట్లు: యూనిట్‌కి దాదాపు 13.9 సెంట్లు. మైక్రోబీటీ వారి వాట్స్‌మైనర్ ఎం60ఎస్, 186 టెరాహ్యాష్: 10.1 సెంట్లు. కెనాన్ వారి అవలాన్ ఏ1566, 185 టెరాహ్యాష్: అదీ 10.1. కొంచెం పాత ఎస్19 ఎక్స్‌పీ 8.7 తెస్తుంది. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కుప్పలుగా దొరికే ఎస్19జె ప్రో 6.1 మాత్రమే. 2016లో వచ్చి ఒక తరం మొత్తాన్ని మైనింగ్‌లోకి లాగిన ఎస్9 ఇప్పుడు 2 సెంట్లు కూడా తేదు. ఎవరైనా ఐదు వేల రూపాయలకి ఎస్9 ఇస్తానంటే అది చవక కాదు, ఫ్యాన్ ఉన్న హీటర్ అంతే.

బిట్‌కాయిన్ ధర మారితే ఈ అంకెలన్నీ అదే నిష్పత్తిలో మారతాయి. డిఫికల్టీ (బ్లాక్ దొరకడం ఎంత కష్టమన్నది) ప్రతి 2016 బ్లాకులకు, అంటే సుమారు రెండు వారాలకోసారి సర్దుకుంటుంది కాబట్టి నెట్‌వర్క్ పెరిగినా మారతాయి. కొనే రోజున ఆనాటి ధర, ఆనాటి హ్యాష్‌రేట్ వేసి మళ్లీ లెక్కించుకోండి. అమ్మకందారు పంపే లాభాల ఎక్సెల్ షీట్‌లో డిఫికల్టీ మూడేళ్లపాటు కదలకుండా ఉంటుంది. ఆ షీటు అక్కడే మూసేయండి.

హైదరాబాద్‌లో, విజయవాడలో పెడితే?

పెద్ద మెషిన్ విషయంలో నా సలహా సూటిగా చెప్తాను: వద్దు.

తెలంగాణలో ఇంటి కనెక్షన్‌కి నెలకి 800 యూనిట్లు దాటితే యూనిట్ 10 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 400 దాటితే 9.75. ఎస్21 ఒక్కటే నెలకి 2500 యూనిట్లు తాగుతుంది. అంటే రోజుకి దాదాపు 840 రూపాయల కరెంటు. బిట్‌కాయిన్ 80 లక్షలుంటే మెషిన్ రోజుకి తెచ్చేది 720. నష్టం అక్కడే మొదలవుతుంది. పైగా ఇంటి మీటరు మీద వ్యాపార వాడకం అని డిస్కం వాళ్లు కేసు రాస్తే అదో టెన్షన్. కమర్షియల్ కేటగిరీకి మారితే రేటు ఇంకా పైకే.

సరే, బిట్‌కాయిన్ కోటి రూపాయలకి చేరిందనుకుందాం. రోజుకి 900 వస్తుంది, 840 కరెంటుకి పోతుంది, 60 మిగిలింది అనిపిస్తుంది. మిగలదు. 2022 ఏప్రిల్ నుంచి వర్చువల్ డిజిటల్ ఆస్తుల అమ్మకంపై 30 శాతం పన్ను. కొనుగోలు ఖర్చు తప్ప ఇంకే ఖర్చూ మినహాయించుకోనివ్వరు. మైనింగ్‌కి పెట్టిన మౌలిక సదుపాయాల ఖర్చు కొనుగోలు ఖర్చు కిందకి రాదని ఆర్థిక శాఖ 2022 మార్చిలోనే పార్లమెంటుకి చెప్పింది. అంటే 60 మీద కాదు, 900 మీద పన్ను పడే పరిస్థితి. 270 రూపాయలు అటు పోతే రోజుకి 210 చేతి నుంచి పెట్టుకున్నట్టు. అమ్మేటప్పుడు కోసే 1 శాతం టీడీఎస్ వేరు. అది పన్నులో సర్దుబాటు అవుతుందిగానీ డబ్బు మాత్రం ముందే కట్టేస్తారు. ఇదంతా కట్టే ముందు మీ ఆడిటర్‌తో మాట్లాడండి, ముఖ్యంగా మైన్ చేసిన కాయిన్‌ని ఏ తేదీ విలువతో చూపించాలన్నది.

"సోలార్ పెట్టుకుంటా కదా?" అనే ప్రశ్న వెంటనే వస్తుంది. మన ఎండకి 1 కిలోవాట్ ప్యానెళ్లు రోజుకి సగటున 4 యూనిట్లు ఇస్తాయి. 84 యూనిట్లకి 21 కిలోవాట్ల ప్యానెళ్లు కావాలి. మామూలు ఇళ్ల మీద కనిపించే 3 కిలోవాట్ల సెట్టు ఒక ఎస్21ని మూడున్నర గంటలు నడుపుతుంది. అంత డాబా, అంత పెట్టుబడీ ఉన్నవాళ్లు ఆ కరెంటుతో ఇంటి బిల్లు, ఏసీ బిల్లు తగ్గించుకుంటే వచ్చే ఆదా ఖాయం. మైనింగ్‌లో వచ్చేది ఖాయం కాదు.

ఇంకో సంగతి వేడి. 3500 వాట్ల మెషిన్ వదిలే వేడిని లాగేయడానికి సరిగ్గా ఒక టన్ను ఏసీ పూర్తిగా పనిచేయాలి. చాలా మోడళ్లు 40 నుంచి 45 డిగ్రీల వరకే గాలి వేడిని తట్టుకుంటాయి. మే నెలలో విజయవాడలో, రామగుండంలో బయటి గాలే ఆ గీత దగ్గర ఉంటుంది. వైజాగ్‌లో వేడి కొంచెం తక్కువైనా ఉప్పు గాలి బోర్డుల్ని తింటుంది. తుప్పు, తేమ వల్ల పోయిన బోర్డుకి ఏ కంపెనీ వారంటీ వర్తించదు. ఈ వాక్యం వారంటీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కోస్తాలో ఉండేవాళ్లు మాత్రం పెద్ద అక్షరాల్లో చదువుకోవాలి.

అమెరికాలో ఇంట్లోనా, హోస్టింగ్‌లోనా?

టెక్సస్‌లో ఇంటి కరెంటు 12 సెంట్లకి దొరికినా ఎస్21కి రోజుకి 10 డాలర్లు అవుతుంది, వచ్చేది 9. కాబట్టి గ్యారేజీలో పెట్టుకోవడం వ్యాపారంగా కుదరదు. పైగా 75 డెసిబెల్స్ మోత. పక్కింటివాళ్లు ఒకరోజు ఊరుకుంటారు, రెండో రోజు హెచ్‌ఓఏకి (కాలనీ ఇళ్ల యజమానుల సంఘానికి) ఈమెయిల్ పెడతారు. అయినా పెట్టేవాళ్లు 240 వోల్టుల సర్క్యూట్ విడిగా లాగించుకోవాలి. నిరంతర లోడుకి బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతమే వాడాలన్నది అక్కడి నియమం: 20 ఆంపియర్ల బ్రేకర్‌పై 16. ఎస్21 తీసుకునేది 14.6. సరిపోతుంది, కానీ ఆ లైన్ మీద ఇంకేమీ పెట్టడానికి లేదు.

చలి ప్రాంతాల్లో లెక్క కొంచెం మారుతుంది. టొరంటోలోనో మినియాపోలిస్‌లోనో గదికి ఎలక్ట్రిక్ హీటర్ ఎలాగూ వాడేవాళ్లకి, ఆ హీటర్ బదులు అవలాన్ మినీ 3 అనే చిన్న మైనింగ్ మెషిన్ పెట్టడంలో అర్థం ఉంది. 800 వాట్లు, 37.5 టెరాహ్యాష్. ఆ వేడికి డబ్బు ఎలాగూ కట్టేవాళ్లే కాబట్టి వచ్చిన సతోషీలు మిగులే. ఇంట్లో గ్యాస్ హీటింగ్ ఉంటే మాత్రం ఈ వాదన నిలవదు. గ్యాస్ వేడి చవక.

హోస్టింగ్ అంటే మెషిన్ మీది, చోటు, కరెంటు, గాలి వాళ్లవి. 7.5 సెంట్లకి దొరికితే ఎస్21కి రోజుకి 6.3 డాలర్లు పోగా 2.7 మిగులుతుంది. లెక్క ఇక్కడ మాత్రమే కాస్త నిలబడుతుంది. కానీ ఇక్కడ చూడాల్సింది రేటు కాదు, అవతలి పార్టీ. 2022 సెప్టెంబరులో కంప్యూట్ నార్త్, డిసెంబరులో కోర్ సైంటిఫిక్ అనే హోస్టింగ్ సంస్థలు దివాలా రక్షణకి వెళ్లాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో రష్యా సంస్థ బిట్‌రివర్‌పై అమెరికా ఆంక్షలు పెట్టడంతో అక్కడ మెషిన్లు పెట్టిన అమెరికా కస్టమర్లు ఇరుక్కుపోయారు. కాబట్టి ఒప్పందంలో మెషిన్ సీరియల్ నంబర్లతో సహా మీ పేరున ఉందా, వాళ్లు మూసేస్తే ఎన్ని రోజుల్లో తీసుకెళ్లొచ్చు, ఎవరి ఖర్చు అన్నది రాసి ఉండాలి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

టెక్సస్ ఒప్పందాల్లో ఇంకో మెలిక ఉంటుంది. వేసవిలో గ్రిడ్ మీద ఒత్తిడి పెరిగితే పెద్ద మైనర్లు మెషిన్లు ఆపుతారు. ఆపినందుకు వాళ్లకి డబ్బు వస్తుంది. 2023 ఆగస్టు ఒక్క నెలలో రయట్ అనే మైనింగ్ సంస్థకి వచ్చిన కరెంటు క్రెడిట్లు 3.17 కోట్ల డాలర్లు. అందులో హోస్టింగ్ కస్టమర్‌కి వాటా ఉంటుందా, లేక మెషిన్ ఆగిన గంటలు మీ నష్టమేనా? చాలామంది అడగని ప్రశ్న ఇది. నేనైతే మొదట అదే పేజీ తిప్పుతాను.

క్లౌడ్ మైనింగ్ (మెషిన్ చూడకుండా ఆన్‌లైన్‌లో మైనింగ్ వాటా కొనడం) గురించి ఒక్క మాట చాలు. నెలకి 10 శాతం ఇస్తామని గెయిన్‌బిట్‌కాయిన్ పేరుతో దేశమంతా వసూలు చేసిన కేసులో 2018లో అరెస్టులు జరిగాయి, దర్యాప్తు ఏళ్లు గడిచినా సాగుతూనే ఉంది. మెషిన్ కనపడని చోట డబ్బు పెట్టకండి.

మూడు కంపెనీలు, మూడు స్వభావాలు

బిట్‌మెయిన్ యాంట్‌మైనర్‌కి ఉన్న పెద్ద బలం దాని సంఖ్య. ఎక్కడ చూసినా అవే కాబట్టి స్పేర్ పార్టులు దొరుకుతాయి, బోర్డు రిపేరు తెలిసినవాళ్లు దొరుకుతారు, అమ్మాలంటే కొనేవాళ్లు దొరుకుతారు. బ్రెయిన్స్, వీనిష్, లక్స్ లాంటి బయటి ఫర్మ్‌వేర్లు (మెషిన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్లు) మొదట వచ్చేది వీటికే. వాట్లు తగ్గించి నడపాలన్నా, కరెంటు రేటు ఎక్కువున్న గంటల్లో నెమ్మదించాలన్నా ఆ ఫర్మ్‌వేర్ బాగా పనికొస్తుంది. బదులుగా అది సుమారు 2 శాతం హ్యాష్‌రేట్ తినేస్తుంది, వారంటీ కూడా చాలావరకు పోతుంది. బలహీనత నాణ్యతలో నిలకడ. 2019లో వచ్చిన ఎస్17, టీ17 మెషిన్లలో చిప్‌ల మీది హీట్‌సింకులు ఊడిపోయి పక్క చిప్‌ల మీద పడి షార్ట్ అవడం అప్పట్లో కొన్నవాళ్లందరికీ తెలుసు. తర్వాతి ఎస్19 తరం చాలా మెరుగు. కానీ ఆ అనుభవం తర్వాత నేను ఏ కొత్త మోడల్ తొలి బ్యాచ్‌నీ ఎవరికీ సిఫారసు చేయను. ఆరు నెలలు ఆగితే ఏ బోర్డు ఎలా పోతోందో లోకానికి తెలుస్తుంది.

వాట్స్‌మైనర్ మొరటుగా, బరువుగా ఉంటుంది. పెట్టి మరిచిపోయే మెషిన్ అని దానికి పేరు. వేడి, దుమ్ము ఉన్న షెడ్లలో నడిపేవాళ్లు దీనివైపే మొగ్గుతారు. ప్రతిఫలంగా మీ చేతిలో తక్కువ ఉంటుంది: బయటి ఫర్మ్‌వేర్ తక్కువ, విడి భాగాలు వెతుక్కోవాలి, ఊళ్లో రిపేరు తెలిసినవాడు దొరకడం కష్టం. అమ్మేటప్పుడు కూడా అదే స్థాయి యాంట్‌మైనర్ కంటే కొనేవాళ్లు తక్కువ.

అవలాన్ తయారుచేసే కెనాన్ ఈ రంగంలో అందరికంటే పాతది. 2013 జనవరిలో కస్టమర్ చేతికి చేరిన తొలి బిట్‌కాయిన్ ఏసిక్ (మైనింగ్ కోసమే చేసిన చిప్) మెషిన్ అవలానే. పెద్ద మెషిన్లలో రెండింటి వెనకే ఉన్నా, ఇంట్లో పెట్టుకునే చిన్నవాటిని బాగా పట్టించుకున్నది ఈ కంపెనీయే.

ఎంపిక ఇలా ఉంటుంది. హోస్టింగ్‌లో ఒకటి రెండు పెట్టి, రెండేళ్లలో అమ్మేద్దామనుకుంటే యాంట్‌మైనర్. పది ఇరవై పెట్టి, మనిషి రోజూ వెళ్లి చూడలేని చోట అయితే వాట్స్‌మైనర్. ఎం60ఎస్, ఎస్21 మధ్య యూనిట్‌కి తేడా అర సెంటు కంటే కాస్త ఎక్కువ. ఏడాదికి సుమారు 180 డాలర్లు. ఒక్క హ్యాష్ బోర్డు (లెక్కలు చేసే చిప్‌లుండే పలక) నెలన్నర రిపేరులో ఉంటే ఆ తేడాలో చాలా భాగం ఆవిరి. అందుకే ఈ రెండింటి మధ్య సతమతమయ్యేవాళ్లతో, మీ హోస్టింగ్ కేంద్రం టెక్నీషియన్‌కి ఏది విప్పడం వచ్చో అదే కొనండి అంటాను.

ఏం చెడిపోతుంది, ఎలా తెలుస్తుంది

మెషిన్‌లో కదిలేవి ఫ్యాన్లు మాత్రమే, ముందుగా పోయేవీ అవే. చవక, పది నిమిషాల పని. తర్వాత పవర్ సప్లై. అసలు డబ్బు హ్యాష్ బోర్డుల్లో ఉంది, మెషిన్‌కి సాధారణంగా మూడు.

ఒక ఎస్19జె ప్రో లాగ్ (మెషిన్ తన పనిని నమోదు చేసుకునే ఫైలు) తెరిచి చూడండి. ఒక్కో బోర్డులో 126 చిప్‌లు ఉండాలి. మెషిన్ లేవగానే ఒక్కో బోర్డులో ఎన్ని చిప్‌లు పలికాయో వరసగా రాస్తుంది: చైన్ (అంటే బోర్డు) 0లో 126, చైన్ 1లో 126, చైన్ 2లో 63. ఈ 63 అంటే సగం చిప్‌లు కాలిపోయాయని కాదు. సిగ్నల్ ఒక చిప్ నుంచి పక్క చిప్‌కి అందుకుంటూ పోతుంది. 64వ దగ్గర టంకం పగిలితే ఆ తర్వాతివి బాగున్నా కంట్రోల్ బోర్డుకి కనపడవు. పోయింది ఒక్క చిప్, ఆగింది మొత్తం బోర్డు, మెషిన్ మూడో వంతు ఆదాయం. తెలిసిన మనిషి టెస్టర్‌తో ఆ చిప్‌ని పట్టుకుని మార్చేస్తాడు. లాగ్ 63 బదులు 0 అని చూపిస్తే కంగారు పడకండి. చాలాసార్లు అది వదులైన డేటా కేబుల్, లేదా ఆ బోర్డుకి కరెంటు అందకపోవడం.

టంకం ఎందుకు పగులుతుంది? వేడెక్కి చల్లారడం వల్ల. నెలల తరబడి ఆగకుండా నడిచే మెషిన్ కంటే రోజూ ఆగి మొదలయ్యేది త్వరగా చెడుతుంది. కరెంటు కోతలున్న చోట, గ్రిడ్ కోసం రోజూ ఆపే చోట ఈ ఖర్చు కనపడకుండా పెరుగుతుంది.

ఇండియాలో నడిపేవాళ్లకి మరో జాగ్రత్త గోడ మీద ఉంది. 230 వోల్టుల దగ్గర ఎస్21 దాదాపు 15 ఆంపియర్లు లాగుతుంది. గీజర్ కూడా అంతే లాగుతుందిగా అనుకోవచ్చు. గీజర్ పావుగంట, ఇది పగలూ రాత్రీ. మామూలు 16 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే కొన్నాళ్లకి పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరుగుతుంది, దగ్గరికెళ్తే కమురు వాసన వస్తుంది. ఆ దశలో మార్చాల్సింది ప్లగ్గు కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సరైన మందం వైరు, విడి ఎంసీబీ, ఇండస్ట్రియల్ సాకెట్ వేయించాలి.

వారంటీ: కాగితం మీద ఏడాది, చేతిలో ఎంత?

కొత్త మోడళ్లకి మూడు కంపెనీలూ సాధారణంగా ఏడాది ఇస్తున్నాయి. ఒకప్పటి ఎస్9, ఎస్17లకి ఉన్నది 180 రోజులే. కానీ రోజుల సంఖ్య కంటే అది ఎప్పుడు మొదలవుతుందన్నది ముఖ్యం. సాధారణంగా ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన తేదీ నుంచి లెక్క. ఓడలో నెల, కస్టమ్స్‌లో మరికొన్ని వారాలు, హోస్టింగ్‌లో చోటు కోసం ఇంకో నెల. మీరు స్విచ్ వేసేసరికి పావు భాగం కరిగిపోవచ్చు. 2024 చివర్లో అమెరికా కస్టమ్స్ కొన్ని యాంట్‌మైనర్ షిప్‌మెంట్లను పోర్టుల్లో నెలల తరబడి ఆపేసింది. కొన్నవాళ్లు డబ్బు కట్టేశారు, పెట్టెలు గోదాములో.

వారంటీ అంటే భాగం బాగుచేసి ఇవ్వడమే. ఆగిన రోజుల ఆదాయం ఎవరూ ఇవ్వరు. పంపే ఖర్చు సాధారణంగా మీదే. ముందు ఆన్‌లైన్‌లో టికెట్ తెరవాలి, సీరియల్ నంబర్, లాగ్ జతచేయాలి, వాళ్లు చెప్పిన కేంద్రానికి చెప్పిన భాగం పంపాలి. ఆత్రంగా బోర్డు విప్పేసి, స్టిక్కర్ చింపేసి, తర్వాత టికెట్ పెడితే మాట వేరేగా ఉంటుంది. కేబుల్ బిగించి చూడటానికైనా ముందు టికెట్‌లో అడిగి, వాళ్లు చేయమన్నారని రాతలో ఉంచుకుని చేయండి. ఓవర్‌క్లాక్ (పరిమితికి మించిన వేగంతో నడపడం), బయటి ఫర్మ్‌వేర్, నీరు, తుప్పు, తప్పు వోల్టేజీ, పిడుగు: వీటిలో ఏది కనిపించినా క్లెయిమ్ తిరస్కరించే హక్కు వాళ్లు తమ దగ్గరే ఉంచుకుంటారు.

ఇండియా నుంచి బయటి దేశానికి రిపేరుకి పంపితే ఇంకో చిక్కు. రిపేరుకి వెళ్తున్న సరుకు అని ఎగుమతి పత్రాల్లో సీరియల్ నంబరుతో సహా రాయించకపోతే తిరిగొచ్చేటప్పుడు మొత్తం విలువ మీద మళ్లీ సుంకం, 18 శాతం ఐజీఎస్టీ అడుగుతారు. అనుభవమున్న కస్టమ్స్ ఏజెంటు లేకుండా ఈ పని పెట్టుకోకండి. లేదంటే లెక్క ఇలా తేలుతుంది: అటు కొరియర్, ఇటు కొరియర్, సుంకం కలిపి బోర్డు ధరకి దగ్గరవుతుంది, వారంటీ ఉన్నా లేనట్టే.

కొనేది నేరుగా కంపెనీ దగ్గరా, డీలర్ దగ్గరా అన్నదీ ఇక్కడే తేలుతుంది. నేరుగా కొంటే ధర కొంచెం తక్కువ, కానీ టికెట్లు, రవాణా మీ తలనొప్పి. మంచి డీలర్ పది శాతం ఎక్కువ తీసుకున్నా, చెడిన మెషిన్‌ని తన దగ్గరే తీసుకుని తన టెక్నీషియన్‌తో చేయిస్తానని రాసిస్తే ఒకటి రెండు మెషిన్లు కొనేవాళ్లకి నేను డీలర్నే ఎంచుకోమంటాను. "కంపెనీ వారంటీ ఉంది సార్" అని మాత్రమే అనే డీలర్ అయితే ఆ పది శాతం దేనికి ఇస్తున్నట్టు? నాకు తెలిసిన ఒక కుర్రాడికి ఒక డీలర్ అమ్మేదాకా రోజుకి నాలుగు మెసేజ్‌లు పెట్టాడు. బోర్డు పోయాక ఇచ్చింది కంపెనీ వెబ్‌సైట్ లింకు ఒక్కటే.

ఇంకా తయారవని మోడల్‌కి ముందుగా మొత్తం డబ్బు కట్టడం గురించి: అమెరికాలో బటర్‌ఫ్లై ల్యాబ్స్ అనే సంస్థ ముందస్తు డబ్బు తీసుకుని మెషిన్లు నెలలు, ఏడాది ఆలస్యంగా ఇచ్చిందని, కొందరికి అసలు ఇవ్వలేదని 2014లో అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ కోర్టుకెక్కింది. మైనింగ్‌లో ఆలస్యం అంటే డిఫికల్టీ పెరిగిపోవడమే. వచ్చేసరికి అది మీరు కొన్న మెషిన్ కాదు.

బిట్‌కాయిన్ కాకుండా వేరేవి

గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ 2022 సెప్టెంబరు 15న ఎథీరియం మెర్జ్‌తో (మైనింగ్ అక్కర్లేని పద్ధతికి ఎథీరియం మారడంతో) దాదాపు ముగిసింది. గేమింగ్ పీసీ ఉన్నవాళ్లు సరదాకి నడపొచ్చు, దానికోసం కార్డులు కొనొద్దు. లైట్‌కాయిన్, డోజ్‌కాయిన్ ఒకేసారి తవ్వే ఎల్7, ఎల్9 మెషిన్లకి కొంత స్థిరత్వం ఉంది, కానీ డోజ్ ధర మూడ్ మీద మీ బిల్లు ఆధారపడుతుంది. 2023లో కాస్పా అనే కాయిన్ తవ్వే మెషిన్లు మొదట కళ్లు చెదిరే లాభం చూపించి, అందరూ ఎగబడేసరికి కొద్ది నెలల్లోనే ఆదాయం కుప్పకూలింది. ఒకే చిన్న కాయిన్‌కి పనికొచ్చే మెషిన్‌కి ఆ కాయిన్ పోతే ఇనుప సామాన్ల కొట్టే గతి.

హైదరాబాద్‌లో ఉండి, మైనింగ్ ఎలా పనిచేస్తుందో చేత్తో చూడాలనుకునేవాళ్లకి బిట్‌యాక్స్ అనే చిన్న మెషిన్ చాలు. ఒకే చిప్, దాదాపు 1.2 టెరాహ్యాష్, 20 వాట్ల లోపు, నెలకి 13 యూనిట్లు. దాని డిజైన్ అందరికీ తెరిచి ఉంది కాబట్టి విప్పి నేర్చుకోవచ్చు. ఒంటరిగా బ్లాక్ దొరకాలంటే ఇప్పటి నెట్‌వర్క్‌లో సగటున 15 వేల ఏళ్లకు పైగా పడుతుంది, కాబట్టి దాన్ని లాటరీ టికెట్‌లానే చూడండి. అవలాన్ నానో 3ఎస్ 6 టెరాహ్యాష్, 140 వాట్లు. నెలకి 100 యూనిట్లు. ఏసీ గదిలో పెడితే దాని వేడి తీయడానికి ఏసీ మరికొంత తాగుతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

6 సెంట్ల కంటే తక్కువకి కరెంటు ఉన్నవాళ్లకి పాత ఎస్19జె ప్రో, 8 సెంట్ల లోపు ఉన్నవాళ్లకి ఎస్19 ఎక్స్‌పీ సరైన ధరకి దొరికితే కొత్తదాని కంటే మేలు కావచ్చు. పెట్టుబడి తక్కువ, పోయినా తక్కువ పోతుంది. వారంటీ ఉందంటే నమ్మేయకుండా సీరియల్ నంబర్ అడిగి కంపెనీ సైట్‌లో మీరే చూసుకోండి. మెషిన్ నంబరు, మూడు బోర్డుల నంబర్లు స్క్రీన్ మీద, స్టిక్కర్ మీద కలుస్తున్నాయా చూడండి. కలవకపోతే ఎక్కడెక్కడివో బోర్డులు తెచ్చి కూర్చిన మెషిన్. ఫ్యాన్లు లేకుండా, లోపల జిడ్డుగా ఉంటే నూనెలో ముంచి నడిపింది. అది తప్పేమీ కాదు, కానీ ధర తగ్గాలి, గాలితో నడిపేందుకు శుభ్రం చేసే ఖర్చు కలవాలి.

డ్యాష్‌బోర్డ్ స్క్రీన్‌షాట్‌కి విలువ లేదు, ఎవరైనా ఎక్కడి నుంచైనా తెస్తారు. పూల్‌లో 24 గంటల సగటు హ్యాష్‌రేట్, తిరస్కరించిన షేర్ల (మెషిన్ పూల్‌కి పంపే జవాబుల) శాతం చూడాలి. మెషిన్ తన గురించి తాను చెప్పుకునే అంకె కంటే పూల్ చెప్పేది నిజం. ఆ తర్వాత వీడియో కాల్‌లో మీ ఎదుటే మెషిన్ ఆపించి, పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ మొదలుపెట్టించండి. టంకం పగిలిన బోర్డు వేడిగా ఉన్నంతసేపు నడుస్తూ, చల్లారి లేచినప్పుడే చిప్‌లు తక్కువ చూపిస్తుంది. దీనికి ఒప్పుకోని అమ్మకందారుతో బేరం పెట్టుకోకండి. అదే మోడల్ ఇంకొకరి దగ్గర వారంలో దొరుకుతుంది.